ఘటోదరి ఒడిలో మాగిన మామిడి

ఆకాశం కాగిన రాగిపళ్లెంలా ధగధగ మెరుస్తోంది. దాని కింద కనుచూపు మేరా ఎర్రటి ఇసుక. ఇసుక మీద గాలి గీసిన గీతలు, గీతల మీద ఆవిరి అలలు, ఆ అలల్లో తేలుతున్నట్టు కదిలే రెండు ఒంటెలు. తామ్రసైకతం అనే ఆ ఎడారిలో పక్షి ఎగరదు. పాము కూడా పగటిపూట తల బయట పెట్టదు. అలాంటి చోట, నట్టెండలో, ఒక ఆడపిల్ల పాట పాడుకుంటూ పోతోంది.

ఆమె రసాలపురి రాకుమారి ఐందవి. తలకు తడిగుడ్డ చుట్టుకుని, చీర కాసె బిగించి, ముందు ఒంటె మీద కూర్చుంది. వెనక ఒంటె మీద చెమటలు కక్కుతూ వస్తున్నవాడు ఆమె మేనమామ, రసాలపురి సేనాధిపతి భల్లాలుడు. పులిని తోక పట్టి ఈడ్చుకొచ్చిన వీరుడని ఆయనకు పేరు. ఆ వీరుడి కత్తి ఒరలోనే ఉంది. చేతిలో ఉన్నది నీళ్ల తిత్తి.

"అమ్మాయీ, మళ్లీ తడపాలా?" అన్నాడు దీనంగా.

"తడపాలి మామయ్యా. వట్టివేళ్ల చాపలు ఆరిపోతే గంపల్లో కాయలు ఉడికిపోతాయి."

"ఉన్న నీళ్లన్నీ మామిడికాయలే తాగేస్తే మన గతేమిటే?"

"మనం మాగిపోయినా ఫరవాలేదు మామయ్యా. అవి మాగకూడదు!" అని నవ్వి, ఐందవి మళ్లీ పాట అందుకుంది.

ఈ ప్రయాణానికి కారణం ఆమె అన్న మణిదీపుడు. ఎడారికి ఆవలి అంచున, నీలకూట పర్వతం మొదట్లో, ఘటోదరి అనే రాక్షసి ఉంది. తాటిచెట్టంత ఎత్తు, కొండంత ఆకలి. ఏనాడో ఒక గబ్బిలం నోటినుంచి జారిన రసాలపురి మామిడిపండు వచ్చి ఆమె నాలుక మీద పడింది. అప్పటినుంచి ఆమెకు మరే తిండీ రుచించలేదు. "చెట్టు మీంచి ఇప్పుడే దించినట్టున్న రసాలపురి పండు తినిపించినవాళ్లు ఏది కోరితే అది ఇస్తాను. కుళ్లినది తెచ్చి నా నోరు పాడుచేసినవాళ్లను బోనులో పెడతాను" అని నాలుగు దిక్కులా చాటింపు వేయించింది.

మణిదీపుడు ఆ మాట విని ఊరుకోలేకపోయాడు. తోటలోకెల్లా తీయటి పండ్లను ఏరి, గాలితో పందెం వేసే గుర్రానికి బుట్టలు కట్టి బయలుదేరాడు. చెట్టున పండిన పండు ఎడారి వేడికి ఎంతసేపు ఆగుతుంది? రాక్షసి ముందు మూత తీసేసరికి పులిసిన వాసన గుప్పుమంది. మణిదీపుడు బోనులో పడ్డాడు.

రాజు దిగులుతో మంచం పట్టాడు. అప్పుడు ఐందవి ఆయన పక్కన కూర్చుని, "పండ్లు తీసుకెళ్తే కుళ్లిపోతాయి నాన్నగారూ. నేను కాయలు తీసుకెళ్తాను. అక్కడికి చేరేదాకా వాటిని నిద్రపుచ్చి, చేరాక నిద్ర లేపుతాను" అంది.

ఆమె తోటల్లో పెరిగిన పిల్ల. తెల్లవారుజామున చల్లటి వేళ, భుజాలు పొంగి ముదిరిన కాయలను మాత్రమే తొడిమతో సహా చిక్కం వలతో దింపించింది. వాటిని బోర్లించి సొనంతా కారిపోనిచ్చింది. గడ్డి పరిచిన గంపల్లో ఒకదానికొకటి రాసుకోకుండా పేర్పించింది. భల్లాలుడు ఒక గంపను డాలు విసిరినట్టు నేల మీద పడేస్తే, ఆ గంప గంపంతా ఊరగాయకి పంపించేసింది.

"ఒక్క కాయకైనా గీత పడలేదు కదే!" అని ఆయన లబలబలాడాడు.

"దెబ్బ లోపల తగిలింది మామయ్యా. నాలుగు పొద్దులు పోతే నల్లబడుతుంది. తను చెడడమే కాక పక్కవాటినీ చెడగొడుతుంది."

ఆనాటినుంచి భల్లాలుడు గంపలను పసిబిడ్డలను ఎత్తుకున్నట్టు ఎత్తుతున్నాడు. గంపలతోపాటు ఒక చిన్న చెక్కపెట్టె కూడా ఉంది. అందులోని కాయలకు ఐందవి తేనెమైనం కరిగించి పల్చగా పూసింది. అలా పూస్తే కాయ ఊపిరి నెమ్మదిస్తుందని, ఎక్కువకాలం పచ్చిగా నిలుస్తుందని ఆమెకు తోచింది. రసాలపురిలో అంతకుముందు ఎవరూ చేసి చూడని పని అది. అందుకే ఆ పెట్టెను నమ్ముకోలేదు. గంపల్నే నమ్ముకుంది.

మిట్టమధ్యాహ్నమయ్యేసరికి తిత్తుల్లో నీళ్లు అడుగంటాయి. ఒంటెలు నాలుకలు వేలాడేశాయి. సరిగ్గా అప్పుడే ఇసుకదిబ్బ అవతల పచ్చగా ఖర్జూరపు చెట్లు కనిపించాయి. వాటి నడుమ చిన్న ఆశ్రమం, ముందు నీటిగుంట. గుమ్మంలో పాలనురుగులాంటి గడ్డంతో ఒక ముని చేతులు చాపి నిలుచున్నాడు.

"రండి నాయనా, రండి. పాపం, కాయలు కూడా అలసిపోయినట్టున్నాయి! నా నేలమాళిగ మంచుగడ్డలా ఉంటుంది. అందులో దించుకోండి" అన్నాడు తేనెలొలికే గొంతుతో.

భల్లాలుడికి ప్రాణం లేచి వచ్చింది. ఐందవికి మాత్రం ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది. గంపలన్నీ చాపలతో కప్పి ఉన్నాయి. లోపలున్నవి కాయలని ఈయనకెలా తెలుసు? కాని చాపలు చేతికి వేడిగా తగులుతున్నాయి. ఇక ఆలోచించే వ్యవధి లేదు. మాళిగలోకి దిగి చూసింది. గోడలు చల్లగా, నేల తడిగా ఉంది. నిజంగానే కాయలకు స్వర్గం. గంపలూ పెట్టే అక్కడ దించి, ఇద్దరూ పైకి వచ్చి కడుపునిండా నీళ్లు తాగారు. చెట్టునీడన నడుం వాల్చగానే కునుకు పట్టింది.

కొంతసేపటికి భల్లాలుడు కళ్లు మూసుకునే పెదవులు చప్పరించాడు. "ఆహా, ఏం వాసన! ఏం కమ్మదనం! మన తోటలో పడుకున్నట్టే ఉంది అమ్మాయీ!"

ఐందవి ఉలిక్కిపడి లేచింది. గాలినిండా పండిన మామిడి వాసన!

"మామయ్యా, లే! వాసన వస్తోందంటే కాయలు పండిపోతున్నాయన్నమాట!"

ఇద్దరూ మాళిగ దగ్గరికి పరుగెత్తారు. రాతి తలుపు మూసి ఉంది. తలుపు సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. భల్లాలుడు వెనక్కి నడిచి, పోట్లగిత్తలా వచ్చి భుజంతో గుద్దాడు. తలుపు రెండు ముక్కలై లోపల పడింది.

మాళిగంతా పొగ. మధ్యలో మట్టికుండ నిండా నిప్పులు. దాని ముందు కూర్చుని పచ్చి ఆకులు వేస్తూ ఊదుతున్నవాడికి గడ్డం లేదు. కళ్లు రెండూ రెండు నిప్పుకణికలు. నడుం కింద కాళ్లకు బదులు పొగ మెలికలు తిరుగుతోంది.

"ధూపకుండుడు!" అని అరిచాడు భల్లాలుడు. పొగను పశువులా మేపుకుంటూ తిరిగే ఆ మాంత్రికుడి పేరు వింటే ఏడు రాజ్యాల్లో పిల్లలు అన్నం మారాం చేయకుండా తింటారు.

"మగ్గబెట్టే శ్రమ నీకెందుకని నేనే పొగ వేశాను రాకుమారీ!" అని వాడు పగలబడి నవ్వాడు. "ఎడారంతా నువ్వు మోసుకొచ్చావు. మిగిలిన నాలుగడుగులూ నేను మోస్తాను. ఘటోదరి ఇచ్చే వరం నాది!"

వాడు చేయి ఊపగానే పొగ తాళ్లలా పేనుకుని గంపలను చుట్టేసింది. అన్నీ ఒక్కసారి గాలిలోకి లేచాయి. భల్లాలుడు ఎగిరి చివరి గంప అంచు పట్టుకున్నాడు. గంపతోపాటు ఆయనా లేచాడు. తల పైకప్పుకు ఠంగున తగిలింది. చేయి వదిలేసి ధడేల్మని కింద పడ్డాడు. గంపలు, పొగ, మాంత్రికుడు అన్నీ కలిసి పైనున్న గవాక్షంలోంచి సుడిగాలిలా దూసుకుపోయాయి.

గోడలు కదిలిపోతున్నాయి. ఐందవి నేలమీద పాకుతూ, దగ్గుతూ, చేతులతో తడుముకుంటూ వెళ్లింది. వేళ్లకు చెక్కపెట్టె తగిలింది. దాన్ని రొమ్ముకు హత్తుకుని, రెండో చేత్తో మామయ్య చేయి పట్టి లాగుతూ మెట్లెక్కింది. వాళ్లు బయటపడిన మరుక్షణం మాళిగ కూలిపోయింది. ఖర్జూరపు చెట్లు కరిగి పొగైపోయాయి. నీటిగుంట ఆవిరైపోయింది. ఎర్రటి ఇసుకలో బిక్కమొహాలేసుకుని రెండు ఒంటెలు మాత్రం మిగిలాయి.

"తాగిన నీళ్లు కూడా మాయేనా?" అని భల్లాలుడు కడుపు తడుముకున్నాడు.

ఐందవి పెట్టెను ఒళ్లో పెట్టుకుంది. పెట్టె తెరవడానికి చేతులు రావడం లేదు. అంత పొగలో ఉన్న కాయలు ఏమై ఉంటాయి? బోనులో అన్న మొహం కళ్లముందు కదిలింది. గుండె చిక్కబట్టుకుని మూత ఎత్తింది.

కాయలు పచ్చగా ఉన్నాయి. రాయిలా గట్టిగా, దించిన నాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మైనం పొర మీద పొగ నుసి పేరుకుందే తప్ప లోపలికి దిగలేదు.

"నిలిచాయి మామయ్యా! నిలిచాయి!" అంటూ ఐందవి గిరగిరా తిరిగింది. నెత్తిన బొప్పి కట్టిన సేనాధిపతి కూడా ఆమెతోపాటు ఇసుకలో చిందులేశాడు. ఒంటెలు వాళ్లను వింతగా చూశాయి.

ఆ వెంటనే ఒంటెలను పరుగెత్తించారు. పొద్దు వాలింది, మళ్లీ పొడిచింది. ఎడారి తరిగి, నీలకూటం పెరిగి, చివరికి కొండల నడుమ ఇరుకు దారి ఒకటి ఎదురైంది. అటూ ఇటూ నీలిరంగు బండలు నెమలికంఠంలా మెరుస్తున్నాయి. వాటి పగుళ్లలోంచి పసుపుపచ్చని గడ్డి వేలాడుతోంది. చూడముచ్చటైన ఆ దారిలో సగం దూరం వెళ్లారో లేదో ముందు బూడిదరంగు తోడేళ్ల గుంపు లేచింది. వాటికి నోళ్లున్నాయి, కోరలున్నాయి, కాళ్లు నేలకు ఆనడం లేదు.

భల్లాలుడు చాలా రోజుల తరువాత కత్తి దూశాడు. మొహం కలకల్లాడింది. "ఇది మన పని! నువ్వు వెనక్కుండు అమ్మాయీ!"

కత్తి తోడేలును రెండుగా నరికింది. రెండు ముక్కలూ రెండు తోడేళ్లయ్యాయి. వాటిని నరికితే నాలుగయ్యాయి. "ఇదేం అన్యాయంరా!" అని ఆయన గుక్కతిప్పుకోకుండా కత్తి తిప్పుతున్నాడు. ఒక తోడేలు ఆయన మీసం కొసను కొరికి తెంపేసింది.

"అవి తోడేళ్లు కావు మామయ్యా, పొగ! నరక్కు!" అని ఐందవి ఒంటె దిగింది. తిత్తిలో మిగిలిన ఆఖరి నీళ్లను ఒంటె మీద మిగిలిన వట్టివేళ్ల చాప మీద కుమ్మరించింది. గొంతు ఎండిపోతున్నా ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. తడిచాపను రెండు చేతులా పట్టుకుని తోడేళ్ల మీద విసరసాగింది. చల్లటి గాలి తగిలినచోటల్లా తోడేలు కుంచించుకుపోయి, తుమ్మి, మాయమైపోయింది. చివరిది తోక ముడుచుకుని కొండ పగులులోకి ఇంకిపోయింది.

ఇరుకు దారి దాటగానే కొండ కదిలిపోయేలా ఒక కేక వినిపించింది. "అమ్మో! నా పళ్లు! పులిసిపోయాయిరోయ్!"

ఎదురుగా ఘటోదరి. ఆమె జుట్టు ఊడలు దిగినట్టు మోకాళ్లదాకా ఉంది. చెవులకు బండిచక్రాలంత పోగులు. పొట్ట మీద వడ్డాణంలా ఏనుగులను కట్టే గొలుసు. కొండలోకి అమర్చిన పెద్ద రాతితలుపును ఆనుకుని కూర్చుని, రెండు చేతులతో దవడలు పట్టుకుని ఊగిపోతోంది. పక్కన రాగిబోను, దాని ఊచలు పట్టుకుని మణిదీపుడు. ఆమె ముందు రసాలపురి గంపలన్నీ పక్కకు ఒరిగి ఉన్నాయి. వాటి నిండా బంగారంలాంటి పండ్లు. ఆ పండ్ల పక్కన, ఐందవి రూపంలో, ఐందవి చీరకట్టులో, వణుకుతూ నిలుచున్నాడు ధూపకుండుడు.

"పైకి పసిడిలా ఉందే, లోపల చింతకాయ! నన్ను మోసం చేస్తావా?" అని ఘటోదరి అరచేత్తో ఒక్కటి వేసింది. దొంగ ఐందవి పొగముద్దై, ముద్ద చెదిరి ముక్కలై, బండల మీద ఎక్కడెక్కడో పడిపోయింది. తొందరపెట్టి పొగతో పండించిన కాయకు రంగొచ్చింది కాని తీపి రాలేదు.

చేయి దులుపుకుని తల తిప్పేసరికి ఘటోదరికి అసలు ఐందవి కనిపించింది. "మళ్లీ వచ్చావటే!" అని చేయెత్తింది.

"అవ్వా, ఆగు! వాడు మాంత్రికుడు. ఐందవిని నేను. నిజమైన కాయలు నా దగ్గరున్నాయి!"

"ఐందవీ, పారిపో!" అని మణిదీపుడు అరిచాడు. "ఈవిడ నా చేత రోజూ మడమలు పట్టించుకుంటోంది!"

"నువ్వు నోరు మూసుకో అన్నయ్యా, నేను మాట్లాడుతున్నా!" అని ఐందవి పెట్టె ముందుకు జరిపి మూత తీసింది.

ఘటోదరి ఒక కాయను రెండు వేళ్లతో ఎత్తి వాసన చూసింది. గోటితో నొక్కింది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమే పిల్లా, ఇది రాయి. వాడు తెచ్చింది పులుపు, నువ్వు తెచ్చింది రాయి. మీ అన్నేమో కుళ్లు తెచ్చాడు. పండెవరు తెస్తారే నాకు?"

ఐందవి ఇంకో కాయ తీసి నొక్కి చూసింది. మైనం పని చేయడమే కాదు, అతిగా చేసింది. కాయలు ఇంకా గాఢనిద్రలోనే ఉన్నాయి. నిద్రపుచ్చడం తెలిసిన తనకు లేపడం కూడా తెలిసి ఉండాలి. చుట్టూ చూసింది. కొండ మొదట్లో వేడినీటి ఊట పొగలు కక్కుతోంది. బండల మీద ఎండుగడ్డి. గంపల్లో మాంత్రికుడు వదిలేసిన పండ్లు. ఎదురుగా, పొయ్యిలాంటి ఒంటి వేడితో రాక్షసి.

"అవ్వా, పొద్దు గూకేదాకా ఓపిక పట్టు. నువ్వే వీటిని పండిస్తావు."

"నేనా? నాకు తినడమే తెలుసు!"

"కోడి గుడ్లు పొదిగినట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అంతే."

ఘటోదరి చేతిలోని కాయను మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఇంతవరకూ ఆమెను చూసి పారిపోయినవాళ్లు, బతిమాలినవాళ్లు, కత్తి దూసినవాళ్లు ఉన్నారు. పని చెప్పినవాళ్లు లేరు. "ఊఁ, చెప్పు" అంది ముచ్చటపడి.

భల్లాలుడు ఊటనీళ్లు తోడి గోరువెచ్చగా చల్లార్చాడు. ఐందవి ఒక్కొక్క కాయనూ అందులో ముంచి మైనం కరిగేలా మెత్తటి గుడ్డతో తుడిచింది. మైనం పోగానే కాయలు తలంట్లు పోసుకున్న పిల్లల్లా నిగనిగలాడాయి. తడి ఆరాక గడ్డిలో పేర్చి, నడుమనడుమ గంపల్లోని పండ్లు నాలుగైదు పెట్టింది.

"ఆ పులుపువెందుకే మళ్లీ?" అని ఘటోదరి దవడ పట్టుకుంది.

"పండు పక్కన ఉంటే కాయ తొందరగా పండుతుంది అవ్వా. వాటిని నువ్వు తినక్కర్లేదు. అవి లేపితే ఇవి లేస్తాయి. ఇక్కడ నీడగా ఉంది, అదిగో, ఆ ఎండబండ మీదికి రా."

ఘటోదరి తటపటాయించింది. వీపు వెనకున్న రాతితలుపును తట్టింది. "దీన్ని ఆనుకునే కూర్చోమంది మా అమ్మ. దీని వెనక ఋతుదండం ఉందట. అది చేతబట్టినవాడు ఎండాకాలాన్నీ వానాకాలాన్నీ ఆడుకునే బొంగరంలా తిప్పుతాడట. నేనెప్పుడూ చూడలేదులే."

"తలుపు కళ్లముందే ఉంటుంది కదా అవ్వా, కాసేపే!"

కాసేపే కదా అనుకుని ఘటోదరి లేచింది. ఎండబండ మీద బాసింపట్టు వేసుకుని, గడ్డిగూడును ఒళ్లో పెట్టుకుని, పైట కప్పి కూర్చుంది.

అసలు కష్టం అక్కడే మొదలైంది. ఆమెకు ఆగడం రాదు. మాటిమాటికీ పైట ఎత్తి తొంగిచూస్తుంది. నొక్కి చూడబోతుంది.

"నొక్కకు అవ్వా, కమిలిపోతాయి!"

"వాసన చూస్తానే, ఒక్కసారి!"

"పైట తీస్తే వేడి పోతుంది!"

"పొద్దుపోవడం లేదే పిల్లా! వీళ్లలో ఒకణ్ణి నంజుకోనా?" అని ఘటోదరి భల్లాలుడి వైపు చూసింది.

సేనాధిపతి ఒక్క క్షణం కత్తి మీద చేయి వేశాడు. మరుక్షణం ఆ చేయి తీసి నడుం మీద పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, దండయాత్రలకు ఆజ్ఞలిచ్చే ఆ కంచుగొంతుతో జోలపాట ఎత్తుకున్నాడు. పాడుతూ పాడుతూ, తెగిన మీసంతో, నెత్తిన బొప్పితో, వయ్యారంగా తిరుగుతూ అడుగులేశాడు. ఘటోదరి మొదట తెల్లబోయింది. తరువాత కిసుక్కున నవ్వింది. ఆ తరువాత కొండలు అదిరేలా నవ్వింది.

"కదలకు అవ్వా, గూడు కదులుతుంది!" అని ఐందవి ఆమె మోకాలు పట్టుకుని వేలాడింది. బోనులో మణిదీపుడు ఊచలను తాళంగా కొడుతున్నాడు. నవ్వు ఆపుకోలేక రాక్షసి కళ్లనుంచి నీళ్లు కుండపోతగా కారాయి. పాట అయిపోతే కథ, కథ అయిపోతే మళ్లీ పాట.

పొద్దు కొండ అంచుకు ఒరిగేవేళ పైట సందులోంచి ఒక వాసన వచ్చింది. మాళిగలో వచ్చినట్టు గుప్పుమనలేదు. నెమ్మదిగా, మొగమాటంగా, పొరుగింట్లో ఎవరో మూత తీసినట్టు వచ్చింది. ఐందవి పైట తొలగించింది. గడ్డి నడుమ కాయలన్నీ పండ్లయ్యాయి. తొడిమల దగ్గర లేతపసుపు, బుగ్గల మీద సంజ రంగు.

ఘటోదరి ఒక పండు తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. రసం గడ్డం మీదుగా కారి ఏనుగుల గొలుసు మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"అదే" అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో. "అప్పుడు తిన్నది ఇదే."

పెట్టెడు పండ్లు ఆమె ఆకలికి ఏమాత్రం? కాని ఒక్కొక్కటీ టెంక తెల్లబడేదాకా చీకుతూ, ఆగి ఆగి తింది. ఆఖరి పండు తీసి చూసుకుని, ఐందవి చేతిలో పెట్టింది. "నువ్వు తిను. దారి పొడుగునా వీటికి నీళ్లు పోసి నువ్వు తాగలేదట, మీ మామ పాటలో చెప్పాడు. ఇప్పుడు కోరుకో, ఏం కావాలి?"

"మా అన్నని వదిలెయ్యి అవ్వా."

ఘటోదరి బోను ఊచలను గడ్డిపరకల్లా విరిచింది. మణిదీపుడు బయటికి దూకి చెల్లెల్ని కౌగిలించుకున్నాడు. మరుక్షణం ఆమె చేతిలో పండు లాక్కుని సగం కొరికేశాడు. "నేను గుర్రం మీద తెచ్చినవాటిలో సగం కూడా పెద్దది కాదు, కాని తిన్నగా చేరింది" అన్నాడు నోటినిండా రసంతో. ఐందవి మిగతా సగం లాక్కుంది.

అప్పుడే ఆమె ముక్కు మీద చల్లగా ఏదో పడింది. తెల్లటి చిన్న పువ్వులాంటిది, వేలితో తాకగానే నీరైంది. తలెత్తి చూసింది. నడివేసవి సంధ్యలో మంచు కురుస్తోంది.

"ఇదేమిటే!" అన్నాడు భల్లాలుడు.

ఘటోదరి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆమె ఆనుకుని కూర్చునే రాతితలుపు ఓరగా తెరిచి ఉంది. గడప మీద సన్నటి పొగచార, బల్లి పాకినట్టు లోపలికి వెళ్లి ఉంది. అందరూ పాటలో, నవ్వులో మునిగి ఉండగా చెదిరిన ముక్కలన్నీ పోగై ధూపకుండుడు లోపల దూరాడు.

"అయ్యో, మా అమ్మ మాట!" అని రాక్షసి నెత్తి బాదుకుంది.

ఐందవి మొహం తెల్లబడింది. వాడి చేతిలో ఋతుదండం పడితే మొదట నాశనమయ్యేది రసాలపురి తోటలే. పూతవేళ వడగళ్లు, కాపువేళ మంచు. "నిన్ను అక్కణ్ణించి లేపింది నేనే అవ్వా. పద, పోదాం!"

ఘటోదరి ఐందవిని అరచేతిలో, అన్ననూ మామనూ భుజాల మీద ఎక్కించుకుని, తలుపును ఒక్క తాపుతో తెరిచి లోపలికి దూకింది.

లోపల భూమి లేదు. ఆరు ఋతువులు ఆరు మేఘాల ద్వీపాలై గాలిలో తేలుతున్నాయి. ఒకదాని మీద మోదుగులు మంటల్లా పూశాయి. ఒకదాని మీద వాన వెండి దారాల్లా దిగుతోంది. ఒకదాని మీద ఆకులన్నీ రాలి కొమ్మలు వణుకుతున్నాయి. వాటి నడుమ, పొగ తుఫాను మీద నిలబడి, వజ్రంలా వెలిగే దండాన్ని తల మీదుగా ఎత్తాడు ధూపకుండుడు. దాని కొసను రసాలపురి దిక్కుకు తిప్పుతున్నాడు. ఆ దిక్కున అప్పటికే నల్లటి వడగళ్ల మబ్బు ఒకటి ఊపిరి తీస్తూ లేస్తోంది.

"అవ్వా, నన్ను విసురు!" అని అరిచింది ఐందవి.

"పడిపోతావే పిల్లా!"

"గురిచూసి విసురు!"

ఘటోదరి చేయి వెనక్కి తీసి, పండును కమిలించకుండా విసిరేంత సుతారంగా విసిరింది. ఐందవి వానను చీల్చుకుని, మోదుగుపూల మీదుగా, మంచులోంచి దూసుకుపోయి దండం కొసను పట్టుకుంది. ధూపకుండుడు తుళ్లిపడ్డాడు. దండం గిర్రున తిరిగింది. వసంతం, శిశిరం, గ్రీష్మం ఆమె కళ్లముందు రంగులరాట్నంలా గిరగిర తిరిగాయి. వాడు దండాన్ని విదిలిస్తున్నాడు. కింద అడుగు కనిపించని అగాధం. వెనక ఎక్కడో మామయ్య ఆమె పేరు పిలుస్తున్నాడు.

ఐందవి పళ్లు బిగబట్టి, కొసను మళ్లీ రసాలపురి వైపు తిరగనివ్వకుండా రెండో చేయి కూడా దండం మీద వేసింది.